మొక్కజొన్నలో పోయిన రాకెట్

ఎమ్మెట్‌ది కాలుగాలిన పిల్లి వాటం. గిటార్ కొన్నాడు, పాట రాకముందే అమ్మేశాడు. తేనెటీగలు పెంచాడు, అవి కుట్టకముందే విసుగొచ్చింది. జూలైలో సరదాకి ఎగరేసే చిన్న రాకెట్ల మీద పడింది మనసు. అమెరికాలో, నెబ్రాస్కాలోని వాళ్ల ఊళ్లో అలాంటివి అమ్మే హాబీ షాపు ఒక్కటే.

"ఇదివ్వండి," అన్నాడు, నడుమంత ఎత్తున్న పెట్టె చూపించి.

కౌంటర్ వెనక ఉన్న టెస్సా పెట్టెని, అతన్ని మార్చి మార్చి చూసింది. "ఇదివరకు ఎగరేశారా?"

"లేదు."

"జిగురు ఆరేదాకా ఆగగలరా?"

"ఎంతసేపు?"

"రాత్రంతా."

ఎమ్మెట్ చూపు గోడ గడియారం మీదకి పోయింది.

"అయితే అది మీకు కాదు." ఓ చిన్న పెట్టె ముందుకు తోసింది. "ప్లాస్టిక్ రెక్కలు. గంటలో తయారు. పోయినా ఏడవక్కర్లేదు."

"ఇది పిల్లల బొమ్మండీ!"

"మొదటిసారి అందరూ పిల్లలే సార్. చిన్న ఇంజన్ వెయ్యండి. గాలి ఉంటే ప్యారాచూట్ తీసేసి రిబ్బన్ కట్టండి, కొట్టుకుపోకుండా దగ్గర్లోనే దిగుతుంది."

బుద్ధిగా తలూపాడు. విన్నది మాత్రం శూన్యం. ఆమె నవ్వితే ఎడమ బుగ్గన పడే సొట్ట మీదే ఉన్నాయి కళ్లు.

శనివారం రాకెట్ క్లబ్బు వాళ్లు హార్లన్ అనే రైతు పచ్చికబయల్లో చేరారు. గాలి టోపీలు ఎగరగొడుతోంది. ఎమ్మెట్ ఆ చిన్న రాకెట్‌లోనే పెద్ద ఇంజన్, ప్యారాచూట్ పెట్టుకొచ్చాడు. టెస్సా ముందు గొప్పగా కనిపించొద్దూ మరి!

"ఏ ఇంజన్ వేశారు?" అడిగింది టెస్సా. క్లబ్బులో తనిఖీ ఆమెదే.

"మీరు చెప్పిందే."

రాకెట్ సర్రున లేచింది. చూసేవాళ్ల మెడలు పట్టేశాయి. ఎక్కడో చుక్కంత ఎత్తున ప్యారాచూట్ విచ్చుకుని, గాలివాటాన పోయి పోయి, పక్కనున్న మొక్కజొన్న చేలో మాయమైపోయింది. ఆ చేను నిలువెత్తు మనిషిని దాటి ఉంది.

"చిన్న ఇంజన్‌కి అంత సీను లేదు సార్," టెస్సా నడుము మీద చేతులేసుకుంది. "మీలాంటి వాళ్లని బోలెడుమందిని చూశాను. వచ్చే వారం మీ మనసు చేపల మీదకి పోతుంది."

ఆ మాట చురుక్కుమంది. "దొరికేదాకా వెతుకుతాను."

"చూద్దాం." ఆమే ముందు చేలోకి దిగింది. "పోయిన రాకెట్ వెతకడానికి సాయం వెళ్లడం మా ఆనవాయితీ. మీ మొహం చూసి కాదు, పొంగిపోకండి."

ఆ రోజు దొరకలేదు. మర్నాడు ఎమ్మెట్ ఒక్కడే వెళ్తే, కంకికి ప్యారాచూట్ తగులుకుని రాకెట్ వేలాడుతోంది. గబగబా విప్పి, తన ట్రక్కు సీటు కింద దాచేశాడు.

ఎందుకంటారా? దొరికిందంటే వెతకడం ఉండదు. వెతకడం లేకపోతే టెస్సా రాదు.

శనివారం తర్వాత శనివారం వరసల్లో నడిచారు. మీరు కాస్తా నువ్వు అయింది. ఆకులు గీరుకున్న చేతుల్తోనే, ఆ ఊరి అలవాటు ప్రకారం, సినమన్ రోల్ అనే తీపి రొట్టె తుంచి చిల్లీలో, అంటే కారంకారం మాంసం కూరలో, ముంచుకు తిన్నారు. పెట్రోలు బంకులో రెండు నిమిషాలు నిలబడలేనివాడు ఆమె అడుగులో అడుగేసి నడవడం నేర్చుకున్నాడు.

ఆగస్టులో ఓ రోజు వాన తరిమితే ఇద్దరూ ట్రక్కులో పడ్డారు. ఊడిన బూటు కోసం టెస్సా సీటు కిందకి వంగింది. రాకెట్ ఉన్నదీ అక్కడే. ఆమె లేచి, జుట్టు పిండుకుంటూ, "వచ్చే శనివారం కాస్త పెందలాడే వద్దాం," అంది. బతికాననుకున్నాడు.

కానీ మనసుకి స్థిమితం ఏది? చేను పండుబారేకొద్దీ కోత దగ్గరపడుతోంది. నిజం చెప్తే అబద్ధాలకోరు అంటుంది. చెప్పకపోతే కోతతో అంతా సరి.

అక్టోబరులో హార్లన్ రానే వచ్చాడు. "సోమవారం కోత మిషను దింపుతున్నానబ్బాయ్. నీ రాకెట్ పిండైపోతుంది, చూసుకో మరి."

ఆఖరి శనివారం, ఆఖరి వరస. చివరికంటా రాగానే ఎమ్మెట్ ఆగిపోయాడు.

"టెస్సా, ఇక్కడ రాకెట్ లేదు."

పరుగున వెళ్లి ట్రక్కులోంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "మర్నాడే దొరికింది. చెప్తే నువ్వు రావని దాచాను. ఇంజన్ సంగతీ అబద్ధమే. తిట్టు, కొట్టు, కానీ వెళ్లిపోకు. నువ్వంటే నాకు ప్రాణం."

టెస్సా రాకెట్‌ని అటూ ఇటూ తిప్పింది. మొహంలో ఆశ్చర్యమన్నదే లేదు.

"ఆ వాన రోజున దీని ముక్కు నా వేలికి గుచ్చుకుంది."

"ఆగస్టులోనా!" ఎమ్మెట్ నోరు తెరిచేశాడు. "మరి ఇన్నాళ్లూ ఎందుకు వెతికావు?"

"ఎందుకో నీకు తెలీదూ? నువ్వెందుకు వెతికావో అందుకే." ఎడమ బుగ్గన సొట్ట పడింది. "ఒక్క వారం ఎగ్గొడతావేమోనని ప్రతి శనివారం భయపడి చచ్చాను. నువ్వసలే నిలకడ లేని మనిషివి."

చేను దాటి తడి పచ్చికలోకి నడిచారు. టెస్సా ప్యారాచూట్ ఊడదీసి రిబ్బన్ కట్టింది. జేబులోంచి చిన్న ఇంజన్ తీసి పెట్టింది. రాకెట్ వదిలే బటన్ అతని చేతికిచ్చి పక్కన నిలబడింది, భుజం భుజానికి తగిలేలా.

"రెడీయా? ఐదు..."

"ఆగాగు," అన్నాడు ఎమ్మెట్. "తొందరేముంది? పది నుంచి లెక్కపెట్టు."