నోట్లో గుండుసూదులు

"ఆగండి! గుర్రం వెనక్కి వెళ్ళకండి!"

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పాపం, చేసిన తప్పేముంది? గుర్రం తోకకున్న ఎర్ర రిబ్బన్ ఊడిపోతుంటే ముడి వేయబోయింది. దర్జీ కూతురికి ఊడేది ఏది కనిపించినా వేళ్ళు ఊరుకోవు మరి.

"ఎర్ర రిబ్బన్ కట్టారంటే తన్నే గుర్రమని గుర్తు!" అంటూ ఆమెను పక్కకు లాగినవాడు, మొహం చూసి చటుక్కున చెయ్యి వదిలేశాడు. "మీరా!"

మొన్నటిదాకా వాళ్ళ కుట్టుషాపు మేడమీద అద్దెకున్న గుర్రాల డాక్టర్! చెప్పాపెట్టకుండా గది ఖాళీ చేసి ఈ పల్లెలో తేలాడన్నమాట. కళ్ళు లోతుకు పోయాయి. ఆమె కళ్ళూ అంతే.

"మీక్కూడా ఓ రిబ్బన్ కట్టి ఉంటే బాగుండేది. ముందే జాగ్రత్తపడేవాణ్ణి," అన్నాడు.

"నేనెవర్ని తన్నానండీ?"

ఇంతలో అక్క కేక. "ఒసేయ్, ఎక్కడ చచ్చావే? రౌతు కోటు భుజం దగ్గర ఊడిందట, త్వరగా రా!"

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. పోటీకొచ్చిన రౌతుల కోట్లన్నీ కుట్టీ కుట్టీ నడుం విరిగింది. ఇవాళైనా సెలవనుకుంటే పని వెంటబడి వచ్చింది. అసలు ఈ ప్రయాణం నాన్న పెట్టిన పంతం. షాపులోకి పిల్లిని కూడా రానివ్వని మనిషి, అందరం గుర్రాల పోటీకి వెళ్ళాల్సిందేనని కూర్చున్నాడు. తీరా వచ్చాక కుర్చీలో వాలి, మొహం మీద టోపీ పెట్టుకుని నిద్ర!

ఆ కుర్చీ పక్కనే నేలమీద చతికిలబడి, గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని కోటు అందుకుంది. ఎదురుగా నీడ పడింది. డాక్టరే.

"ఆ రోజూ ఇలాగే కుడుతున్నారు. పెళ్ళి చేసుకుందామా అని అడిగాను. తల అడ్డంగా ఊపారు. సరే, రేపు ఈ ఊరూ వదిలి ఇంకా దూరం పోతున్నాను. చెప్పి వెళ్దామని వచ్చాను."

ఆమె గబగబా సూదులన్నీ అరచేతిలోకి ఉమ్మేసింది.

"ఊపక ఏం చెయ్యమంటారు? నోటినిండా సూదులు! ఆగండి, తియ్యనివ్వండి అని ఊపానంతే. ఇవి తీసేసరికి మీరు మెట్లెక్కేశారు. తెల్లారేసరికి గదికి తాళం!" కోటు పక్కకు విసిరేసింది. "మళ్ళీ ఇంకోసారి అడగొద్దూ? ఎంత ఎదురుచూశానో మీకేం తెలుసు?"

అతను మోకాళ్ళమీద కూలబడ్డాడు. "ఇప్పుడు అడగనా?"

"అడగండి. నోరు ఖాళీగానే ఉంది."

"నన్ను పెళ్ళి..."

"చేసుకుంటాను."

"హమ్మయ్య!" టోపీ కిందనుంచి నాన్న గొంతు. "ఇక ఇంటికి పదండి. గుర్రాలంటే నాకు చచ్చేంత భయం."

"మరెందుకు తీసుకొచ్చావు నాన్నా?"

"డాక్టరు ఇక్కడున్నాడని విని. నువ్వు ఆ మేడమెట్ల వైపు చూస్తూ కుట్టడం మొదలెట్టాక, మన షాపు కోట్లకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి అవుతోందే తల్లీ!"