పదకొండు గంటల అలారం

"షాపులో ఎండ లేదు కదండీ, ఆ నల్లద్దాలెందుకు?"

మా షాపుకి ఎదురుగా ఉన్న మందుల షాపు అమ్మాయి మా మేనల్లుణ్ణి అడిగిన మొట్టమొదటి మాట ఇదే. పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా.

మావాడికి ఒళ్ళు మండింది. "స్టయిలుకి. కంటి చుక్కలివ్వండి, ఇదిగో, ఇవే" అని పాత సీసా బల్లమీద పెట్టాడు.

ఆ అమ్మాయి సీసా తిప్పి చూసింది. "ఇది స్టెరాయిడ్. చీటీ ఏదీ?"

"పోయినసారిది ఇంట్లో ఉంది."

"పోయినసారి చీటీకి పోయినసారే ఇస్తాం. అద్దాలు తియ్యండి ఒకసారి."

తీశాడు. ఎడమ కన్ను చింతనిప్పులా ఉంది. లైటు తగలగానే నీళ్ళు ధారగా కారిపోయాయి. ఆ అమ్మాయి గొంతు కాస్త తగ్గింది కానీ పట్టు తగ్గలేదు.

"ఎన్నోసారి?"

"మూడోసారి."

"ముందు రెండుసార్లూ చుక్కలు ఎప్పుడు ఆపారు?"

"ఎరుపు పోగానే."

"అందుకే మూడోసారి వచ్చింది! అంకుల్, మీరు పెద్దవారు, ఈయన్ని ఇప్పుడే కంటాసుపత్రికి తీసుకెళ్ళండి."

వీధిలో ఆ అమ్మాయిని అందరూ డోస్ మేడమ్ అంటారు. ఎందుకంటారో ఆ రోజు తెలిసింది.

ఇక్కడ మా సంగతి చెప్పాలి. నాది గడియారాల రిపేరు షాపు. నా చూపు మందగించాక సన్నపని అంతా మేనల్లుడిదే. కంటికి భూతద్దం బిగించి, ఆవగింజంత స్క్రూని పట్టుకారుతో తీస్తాడు. ఆ భూతద్దం బిగించేది ఎడమ కంటికే. అది పోతే వాడి చేతిలో పని పోయినట్టే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ యువియైటిస్ అంది. కంటి లోపలి పొర వాచిందట. "బయట ఎరుపు పోయినా లోపల వాపు ఉంటుంది. చుక్కలు ఒక్కసారిగా ఆపితే తిరగబెడుతుంది. అలాగని ఎక్కువ రోజులు వేసినా కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. నేను చెప్పిన లెక్కలోనే తగ్గించాలి" అని చీటీ రాసింది. మొదటి వారం మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి. తర్వాత రోజుకి ఆరు, నాలుగు, మూడు, రెండు, ఒకటి.

పరీక్షకని రెండు కళ్ళకీ కంటిపాపని పెద్దది చేసే ఇంకో మందు కూడా వేశారు. దాంతో దగ్గరి అక్షరాలు కనపడక, మందుల షాపుకి వచ్చాక వాడు చీటీని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని తంటాలు పడుతున్నాడు. డోస్ మేడమ్ చీటీ లాక్కుని, అట్టపెట్టె వెనకాల మార్కరుతో వారాల పట్టిక ఇంతింత అక్షరాలతో రాసిచ్చింది.

"టైము ఎలా గుర్తుపెట్టుకుంటారు?"

"గుర్తుంటుంది లెండి."

"షాపునిండా గడియారాలు పెట్టుకుని ఆ మాట అంటారా? అలారాలు పెట్టుకోండి."

కస్టమర్లు ఇచ్చి మర్చిపోయిన గంట గడియారాలు మా దగ్గర బోలెడు. వాడు పన్నెండు వరసగా పేర్చి, గంటకొకటి మోగేలా కీ ఇచ్చాడు. పక్క షాపు దర్జీ, "ఇది గడియారాల షాపా, ఫైర్ స్టేషనా?" అని చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

గంట మోగగానే ఎదురుగా గాజు తలుపు వెనక డోస్ మేడమ్ తలెత్తేది. వీడు సీసా ఊపి, తల వెనక్కి వాల్చి, నోరు బార్లా తెరిచి చుక్క వేసుకునేవాడు. మందు కంట్లోకి, నోట్లోకి కాదు అని ఆవిడ సైగ చేసేది. వీడు బొటనవేలు చూపించేవాడు. కంటికి రెప్పలా చూసుకోవడం అంటారే, రోజుకి పన్నెండుసార్లు నేను చూసింది అదే.

వారం తిరిగేసరికి కన్ను తేటపడింది. అలారాలు ఆరయ్యాయి. తర్వాత నాలుగు. కన్ను బాగయ్యేకొద్దీ మావాడి మొహం వాడిపోవడం మొదలైంది.

"ఏంట్రా, తగ్గుతుంటే ఏడుపు మొహం పెడతావు?"

"ఏం లేదు మావయ్యా."

"చెప్పెయ్ ఆ అమ్మాయికి."

"ఈ కన్ను నిలబడుతుందో లేదో తెలీకుండానా? రేపు పని చెయ్యలేకపోతే? డాక్టరమ్మ బాగుందని చెప్పాకే."

రోజుకి రెండుసార్ల వారం వచ్చింది. నాలుగోరోజు మధ్యాహ్నం నాలుగింటికి అలారం మోగింది. బయట కుండపోత వాన. గొడుగు కూడా లేకుండా రోడ్డు దాటి తడుస్తూ వచ్చేసింది డోస్ మేడమ్.

"ఈ వారం ఎన్నిసార్లు?"

"రెండు."

"మోగింది ఎన్నిసార్లు?"

వీడు గడియారాల వైపు చూశాడు.

"నాలుగు! నాలుగు రోజులుగా వింటున్నా. తొమ్మిది, పదకొండు, నాలుగు, ఏడు. మళ్ళీ వస్తుందని భయమేస్తే డాక్టర్ని అడగాలి, నీ అంతట నువ్వు పెంచేసుకుంటావా? కంట్లో ప్రెషర్ పెరిగితే నొప్పి కూడా తెలీదు, చూపు తినేస్తుంది! నీకు కళ్ళు కావాలా వద్దా?"

అప్పటిదాకా 'మీరు' అన్న మనిషి 'నువ్వు' అంది. తనకే తెలీలేదు.

"ఎక్కువ వేసుకోలేదు. ఒట్టు."

"మరి ఆ రెండు అలారాలు?"

"అవి చుక్కలకి కాదు."

"మరి దేనికి?"

"మోగితే నువ్వు తలెత్తుతావని."

నేను అప్పుడు బల్ల కింద జారిపోయిన స్క్రూ వెతుకుతున్నా. స్క్రూ దొరికింది. అయినా లేవలేదు.

"ఆ రెండూ ఆపెయ్" అంది చివరికి. "దొంగ అలారాలకి నేను తలెత్తను. అంకుల్, మీరు పైకి రండి, నడుం పట్టేస్తుంది."

వెళ్ళిపోయింది. మావాడు పదకొండుదీ నాలుగుదీ, ఆ రెండు గడియారాలూ ఆపేసి కూలబడ్డాడు.

మర్నాడు డోస్ మేడమ్ వాళ్ళ నాన్న వచ్చి, "మా అమ్మాయి గంట గడియారం ఒకటి తెమ్మంది, గట్టిగా మోగేది" అన్నాడు. పదకొండుకి మోగిన దాన్నే కాగితంలో చుట్టి ఇచ్చా. అంతకుమించి ఆలోచించలేదు.

చుక్కలు ఒకటికి వచ్చాయి, ఆగాయి. చుక్కలు లేకుండా నెల గడిచాక చివరి పరీక్ష. డాక్టరమ్మ లైటు వేసి ఎంతసేపు చూసిందో!

"వాపు కణాలు ఒక్కటీ లేవు. ప్రెషర్ మామూలే. భూతద్దం హాయిగా పెట్టుకో" అంది. "మళ్ళీ ఎప్పటికీ రాదని రాసివ్వలేను. ఎర్రబడితే ఆ రోజే రావాలి. సొంత వైద్యం వద్దు."

బయటికొచ్చి ఇద్దరం మెట్లమీద కూర్చుండిపోయాం. వాడు రోడ్డు అవతలి బోర్డులన్నీ ఎడమ కంటితోనే గట్టిగా చదువుతున్నాడు. జనం వింతగా చూశారు. చూడనీ.

మర్నాడు వాడు భూతద్దం బిగించి పనిలో కూర్చున్నాడు. అలారాల్లేని షాపు బోసిగా ఉంది. "ఈ రోజు చెబుతా మావయ్యా" అని పొద్దుట్నుంచి ఆరుసార్లు అన్నాడు, కుర్చీలోంచి లేవలేదు.

సరిగ్గా పదకొండుకి గంట మోగింది.

మా షాపులో కాదు. ఎదురుగా.

మావాడు తలెత్తాడు. గాజు తలుపు వెనక డోస్ మేడమ్ గడియారం రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. వీడు భూతద్దం కంటికి ఉండగానే రోడ్డు దాటాడు. నేనూ వెనకాలే వెళ్ళా, ఊరికే ఉండగలనా?

"డాక్టరమ్మ బాగుందంది" అన్నాడు.

"తెలుసు. అంకుల్ నిన్ననే చెప్పారు."

"మరి ఈ అలారం ఏంటి?"

"మోగితే నువ్వు తలెత్తుతావో లేదోనని."

కౌంటరు వెనక వాళ్ళ నాన్న నవ్వు ఆపుకుంటూ నా వైపు తిరిగాడు. "గడియారాలవాడు కదండీ, టైముకి ఇంటికైనా వస్తాడు. మాకు ఇష్టమే."

మావాడు గడియారం అందుకుని అడిగాడు, "దీని డోసెంత?"

"రోజుకొకటి, పదకొండింటికి" అంది. "దీన్ని మాత్రం తగ్గించకూడదు."