టేబుల్ మీద వదిలిన ల్యాప్‌టాప్

పరుగు... ఒకటే పరుగు!

భుజాన ల్యాప్‌టాప్ బ్యాగ్. కళ్ల దాకా లాక్కున్న క్యాప్. వెనక బూట్ల చప్పుడు.

కృష్ణప్రసాద్ వెనక్కి తిరగడం లేదు. తిరిగితే కాళ్లు ఆగిపోతాయని అతనికి తెలుసు.

బెడోక్ హాకర్ సెంటర్‌లోని తిండి కొట్ల లైట్లు వెనకబడ్డాయి. ముందు వరసగా ఫ్లాట్ల బ్లాకులు. సాయంత్రం పడ్డ వానకు నేల ఇంకా జారుతూనే ఉంది.

దొంగతనం చేశాడు! తెనాలిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పిన పెద్దమనిషి, సింగపూర్‌లో ల్యాప్‌టాప్ ఎత్తుకుని పారిపోతున్నాడు.

అదీ ఎవరిది? సొంత భార్య గీతాంజలిది!

బూట్లు దగ్గరవుతున్నాయి...

వై2కె పుణ్యమా అని గీతకు ఇక్కడ ఉద్యోగం వచ్చింది. ఆమె వీసా కొంగు పట్టుకుని ప్రసాద్ వచ్చాడు. తెలుగువాళ్ల పార్టీల్లో అతనికి పేరు లేదు. గీతగారి హస్బెండ్, అంతే. రోజూ పొద్దున్నే ఇంటి నుంచి జురాంగ్ ఈస్ట్ స్టేషన్ దాకా ఆమె ల్యాప్‌టాప్ బ్యాగ్ మోసుకెళ్లే హస్బెండ్.

ఆ బ్యాగంటేనే అతనికి ఒళ్లుమంట.

స్క్రీన్ మీద గీతలు పడతాయని కీబోర్డు మీద మెత్తటి గుడ్డ పరిచి మరీ మూత వేస్తుంది గీత. మౌస్‌కి వేరే సంచీ. ఛార్జర్ వైరు చుట్టడానికి ఒక పద్ధతి. పెళ్లయిన ఇన్నేళ్లలో అతని చొక్కా ఒక్కటైనా అంత ప్రేమగా మడత పెట్టిందా?

రాత్రయితే మోడెమ్ కీచుమంటుంది. స్క్రీన్ చూసి ఆమె నవ్వుకుంటుంది. మంచినీళ్ల వంకతో అతను లేచాడా... టక్కున విండో మూసేస్తుంది. ఎవరితో అని ఒకసారి అడిగాడు. ఆఫీసు పని అంది.

ఆఫీసు పనికి ఎవరైనా అలా నవ్వుతారా!

నవనీతే. ఆమె టీమ్ లీడ్. సెంటు, టై, నున్నటి గడ్డం. వాడు తప్ప ఇంకెవడు? రెండు నెలలుగా ప్రసాద్ కడుపులో కుంపటి రాజుకుంటూనే ఉంది.

ఈ సాయంత్రం ఆఫీసువాళ్లతో బెడోక్‌లో తింటానని ఫోన్ చేసింది. జురాంగ్ ఈస్ట్ ఎక్కడ, బెడోక్ ఎక్కడ! నూడుల్స్ కోసం ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి ఎవరైనా పోతారా? ఆమె ఆఫీసు ముందే కాపు కాసి, అదే ట్రైన్‌లో వెనక పెట్టె ఎక్కి వచ్చాడు.

హాకర్ సెంటర్లో ఒక ఆచారం ఉంది. ఖాళీ టేబుల్ మీద ఏదో ఒక వస్తువు పెట్టి వెళితే ఆ టేబుల్ మనదే. చోప్ చేయడం అంటారు. మన దగ్గర కిటికీలోంచి కర్చీఫ్ వేసి బస్సు సీటు ఆపుకున్నట్టే. ఎవరూ ముట్టుకోరు.

గీత కర్చీఫ్ వేయలేదు. ల్యాప్‌టాప్ బ్యాగే పెట్టి క్యూలోకి వెళ్లింది!

ఎదుట ఇంకో కుర్చీ ఖాళీ. ఆ కుర్చీ ఎవడికి?

అంతే. ప్రసాద్ కాళ్లు వాటంతటవే కదిలాయి. చెయ్యి బ్యాగ్ మీద పడింది. పాపం, టీ కొట్టు అంకుల్ ఇతను టేబుల్ కోసం వచ్చాడనుకున్నాడు.

"హలో, ఆ టేబుల్ చోప్ చేసేశారు లా" అన్నాడు సింగపూర్ యాసలో.

అప్పుడే గీత తిరిగి చూసింది. చేతిలో ట్రే. చూసింది కానీ అరవలేదు.

పక్క టేబుల్ దగ్గర గళ్ల చొక్కావాడు లేచాడు. వాడూ అరవలేదు. పరుగందుకున్నాడు.

ఎవడు వీడు? పరాయివాళ్ల ల్యాప్‌టాప్ కోసం ఎవడైనా ఇంత ప్రాణం పెట్టి పరిగెడతాడా?

నవనీత్ ఒక్కడే అనుకున్నాడు... ఇంకొకడు కూడానా!

కడుపుమంట కాళ్లకు బలం ఇచ్చింది. కాలువ దూకాడు. సైకిళ్ల వరసలో దూరాడు. ఒక బ్లాకు కింద, ఖాళీ జాగాలో, లావుపాటి స్తంభం వెనక నక్కాడు.

బూట్లు దాటిపోయాయి... చప్పుడు సన్నగిల్లింది.

తెలివైనవాడైతే అక్కడి నుంచి పారిపోవాలి. ప్రసాద్ జిప్ లాగాడు. వాడి పేరు చూడకుండా ఇంకో నిమిషం బతకడం అతని వల్ల కాదు.

బ్యాగ్‌లో ఛార్జర్ లేదు! ఎత్తుకున్నప్పుడే బరువు తగ్గిందనిపించింది. రోజూ మోసేవాడికి తెలియదా?

మూత తెరిచాడు. స్క్రీన్ వెలిగింది. బ్యాటరీ గుర్తు ఎర్రగా మెరుస్తోంది. పది నిమిషాలు ఉంటే గొప్ప.

పాస్‌వర్డ్?

నవనీత్ అని కొట్టాడు. కాదంది. ప్రాణం కాస్త కుదుటపడింది. పెళ్లిరోజు కొట్టాడు. కాదంది. ఈసారి ఒళ్లు మండింది. చివరికి, ఆశ లేకుండానే, తన పుట్టినరోజు కొట్టాడు.

తెరుచుకుంది!

ప్రసాద్ వేళ్లు ఆగిపోయాయి. నా పుట్టినరోజా? మూసేసి తిరిగి ఇచ్చేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది.

కానీ స్క్రీన్ మధ్యలో పర్సనల్ అని ఒక ఫోల్డర్ ఉంది. నొక్కాడు.

ఫొటోలు లేవు. ఉత్తరాలు లేవు. వరసలకు వరసలు ప్రోగ్రామ్ కోడ్. పైన ఏదో బ్యాంకు పేరు. నవనీత్ కోసం కిందికీ పైకీ వెతుకుతున్నాడు. ఎక్కడ... ఎక్కడ దాచింది?

మొహం మీద టార్చ్ వెలుగు!

గళ్ల చొక్కా! ఒక చేతిలో టార్చ్, రెండో చేతిలో పోలీసు కార్డు. ఇన్‌స్పెక్టర్ లిమ్. స్తంభం రెండో పక్క నుంచి ఇంకో ఇద్దరు.

పాస్‌వర్డ్ ఎలా తెలుసని లిమ్ అడిగాడు. ఇది నా భార్య ల్యాప్‌టాప్ అన్నాడు ప్రసాద్. లిమ్ తల ఊపాడు. పాస్‌వర్డ్ ఆయనకు తెలుసని ఆమె కూడా చెప్పిందట.

బ్యాంకు కోసం రాసిన కోడ్ కొన్నాళ్లుగా బయట అమ్ముడవుతోందట. అది ఈ ల్యాప్‌టాప్ నుంచే పోతోందని తేలిందట. కంపెనీ గీతను నిలదీస్తే, తన పని కాదని, ఇంట్లో మనిషి మీదే అనుమానంగా ఉందని ఏడ్చిందట. ల్యాప్‌టాప్ ఒకచోట వదిలి చూద్దాం, ఆయనే వస్తాడు, ఈ ఫోల్డరే తెరుస్తాడు అని చెప్పిందట.

వచ్చాడు. తెరిచాడు. స్క్రీన్ మీద కోడ్ ఇంకా వెలుగుతూనే ఉంది.

గీత వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అవును, మా ఆయనే అని లిమ్‌కి ఇంగ్లిష్‌లో చెప్పింది. తర్వాత ప్రసాద్ ముందు కూర్చుని, చెదిరిన అతని జుట్టు సవరించింది. భార్యాభర్తల సంగతి కదా అని లిమ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆమె తెలుగులో, చాలా మెత్తగా చెప్పింది.

"అమ్మింది నేనేనండీ. ఎవరో ఒకరు దొరక్కపోతే వాళ్లు నన్ను వదలరు. మీరైతే తప్పకుండా వెంటపడతారని తెలుసు."

ప్రసాద్ నోరు తెరిచాడు.

అరవాలి! లిమ్‌కి చెప్పాలి! ఇప్పుడు నోరు విప్పకపోతే జైలే!

"మరి... నవనీత్?" అన్నాడు.

గీత అతని వంక వింతగా చూసింది.

"నవనీతా? ఎవరూ లేరండీ. మీరు చూస్తున్నారనే రోజూ నవ్వేదాన్ని."

ఎవరూ లేరు!

రెండు నెలల కుంపటి ఒక్కసారి చల్లారింది. చేతులకు బేడీలు పడుతున్నా అతనికి పట్టలేదు. ఆమె ఏమందని లిమ్ అడిగితే, ఏం లేదన్నాడు. పోలీసు కారులో వెనక సీటుకు హాయిగా జారబడ్డాడు. ఎన్నాళ్లకో కళ్లు మూతలు పడుతున్నాయి...

కారు మలుపు తిరిగింది.

ప్రసాద్ కళ్లు తెరిచాడు.

అమ్మింది అంది. అమ్మితే కొన్నవాడు ఉండాలి. వాడితో బేరం ఆడి ఉండాలి. రాత్రిళ్లు... స్క్రీన్ మీద... మంచినీళ్లకు లేచినప్పుడల్లా మూసేసిన ఆ విండోలో...

ఒళ్లంతా మళ్లీ భగ్గుమంది. బేడీల చేతులతో ముందు సీటు పట్టుకుని లిమ్ చెవి దగ్గరికి వంగాడు.

"సార్... ఆ కోడ్ కొన్నది ఎవరు? మగాడేనా?"