కట్టేసిన స్విచ్

శనివారం ఉదయం తొమ్మిదీ నలభైకి మలాకీ చనిపోయాడు.

వైతేలే అనే దీవి ఊళ్లో, వాళ్ల కొట్టు వెనక గదిలో, తడి సిమెంటు నేల మీద, వట్టి కాళ్లతో పడి ఉన్నాడు. పక్కన విప్పిన ఫ్రీజర్. దాని ప్లగ్గు గోడ సాకెట్‌లోనే ఉంది. సాకెట్ మీది స్విచ్ మాత్రం కట్టేసి ఉంది.

గదిలో ఇంకొక్కడే ఉన్నాడు. తమ్ముడు ఎతీ.

సార్జెంట్ లుసియా పదకొండింటికి వచ్చింది. అప్పటికి ఎతీ "నేను చంపలేదు" అని నాలుగుసార్లు అన్నాడు. అన్న ప్రతిసారీ గొంతు కాస్త తగ్గుతోంది. ఆ తగ్గడం భయమో నేరమో లుసియాకు తెలియలేదు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆ తేడా ఆమెకు ఎప్పుడూ పూర్తిగా పట్టుబడలేదు.

"పొద్దున్న పోట్లాడుకున్నారా?"

"వీధి వీధంతా విన్నది." మలాకీ భార్య సియేని గడప మీద కూర్చుని ఉంది. "ఇంటి పెద్దరికం కోసం. 'నువ్వు పోతే గానీ నాకు రాదు' అన్నాడు, ఈ అమెరికా దొర."

"కోపంలో అన్నాను వదినా."

"ఆ కోపంలోనే స్విచ్ వేశావు. ఆయన పడ్డాక కట్టేశావు."

"స్విచ్ నేను ముట్టుకోలేదు!"

"మరి నా మొగుడు దేనికి పోయాడు? సిగ్గుతోనా?"

కానిస్టేబుల్ పౌలో గొంతు సవరించుకున్నాడు. "ప్లగ్గు పీకి, టెస్టర్ పెట్టి చూశాను మేడమ్. స్విచ్ కట్టేస్తే సాకెట్లో కరెంటు లేదు. ఎవరో వేసే ఉండాలి."

"ఎక్కడ పెట్టావు?"

"ఎడమ రంధ్రంలో. మన దగ్గర కరెంటొచ్చే ఫేజ్ ఉండేది అక్కడేగా."

లుసియా టెస్టర్ తీసుకుంది. ఎడమ రంధ్రంలో వెలగలేదు. కుడి రంధ్రంలో పెట్టింది.

వెలిగింది.

"అది న్యూట్రల్ కదా మేడమ్!"

ఆమె మెయిన్ కట్టేయించి సాకెట్ మీది పలక విప్పింది. ఎర్ర వైరు ఉండాల్సిన చోట నల్లది ఉంది. నల్లది ఉండాల్సిన చోట ఎర్రది.

"ఈ సాకెట్ ఎవరు మార్చారు?"

"నేనే," అన్నాడు ఎతీ. "పాగోపాగో నుంచి తిరిగొచ్చిన నెలలో."

"ఆ అమెరికా దీవిలో ఎన్నేళ్లున్నావు?"

"పదకొండు. చేపల ఫ్యాక్టరీలో రిపేర్ల పని." గొంతులో కాస్త గర్వం.

"అక్కడ కరెంటు మోసే వైరు ఏ రంగు?"

"నలుపు."

అన్నాక అతని నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

లుసియా మిగతాది అతని ముందు చెప్పకుండా ఆగిపోవాలనుకుంది. ఆగితే అతను జైలుకు పోతాడు.

"ఇక్కడ ఎరుపు మోస్తుంది. తారుమారు చేసినా ఫ్రీజర్ నడుస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. కానీ స్విచ్ కట్టేస్తే ఆగేది కరెంటు తిరిగి వెళ్లే దారి. వచ్చే కరెంటు ఫ్రీజర్ లోపలే కాచుకుని ఉంటుంది. మలాకీ స్విచ్ కట్టేశాడు. దాన్ని నమ్మి వైరు పట్టుకున్నాడు. స్విచ్ ఎవరూ వెయ్యలేదు. ఇది హత్య కాదు."

సియేని గడప మీంచి లేచి లోపలికి వెళ్లిపోయింది.

"అక్కడ మా ఫ్యాక్టరీ సాకెట్లకి స్విచ్చులే ఉండవు," అన్నాడు ఎతీ, ఎవరితోనో. "ప్లగ్గు పీకేస్తాం."

"నువ్వు వెళ్లొచ్చు, ఎతీ."

"ఎక్కడికి?"

పన్నెండుంపావుకు అతను లోపలి నుంచి సన్నటి నేత చాప తెచ్చుకుని, వాకిట్లో ఎండలో మోకరిల్లి తలమీద కప్పుకున్నాడు. ప్రాణం తీసినవాడు తనవాళ్లతో కలిసి అలా కూర్చోవడం అక్కడి ఆచారం. పోయినవాడి ఇంటివాళ్లు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు.

"ఇద్దరిదీ ఒకే ఇల్లు మేడమ్," అన్నాడు పౌలో మెల్లగా. "పక్కన కూర్చునేదెవరు? ఎత్తేదెవరు?"

లుసియాకు ఆ చాప ముట్టుకునే హక్కు లేదు. సియేని గడప దాకా వచ్చి నిలబడింది. ముందుకు రాలేదు. లోపలికీ పోలేదు.

రెండున్నరకూ అంతే. చాప కింద అతను ఊపిరి పీల్చినప్పుడల్లా అంచు కొంచెం లేచి, మళ్లీ పడుతోంది.