పుట్టింటి ట్రే

ఎనిమిదైనా కాకముందే నాంపల్లి గల్లీలో ఎండ చుర్రుమంటోంది. గుడ్ల దుకాణంలో వామన్‌రావు ఒక్కో ట్రేను అరచేతి మీద పెట్టుకుని బరువు చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ల వ్యాపారం, ఆయనకు త్రాసుతో పని లేదు. చాయ్ తెచ్చిన విద్యావతికి భర్త మొహం చూడగానే తెలిసిపోయింది, పొద్దున్నే రామాయణం తప్పదని.

"నీ తమ్ముడు మంచిగనే నేర్చిండు," అన్నాడాయన. "గుడ్డు నిమ్మకాయంత లేదు. జర గట్టిగ పట్టుకుంటే పగులుతున్నది. నిన్న అబిడ్స్ బేకరీ సేఠ్ మూడు ట్రేలు వాపస్ పంపిండు."

"ఎండలు గట్లున్నయి కదా. కోళ్లు నీళ్లు తాగుడే తప్ప మేత ముడుతలేవని దుర్గేష్ మొన్ననే చెప్పిండు."

"ఎండ అందరికీ ఒక్కటే. రేటు పెరిగింది చూడు, పెద్ద గుడ్లు బేగం బజార్‌కు పోతున్నయి. ఏరంగ మిగిలినవి నాకు. బావ ఏమంటడులే అని ధీమా."

రేటు పెరిగిన మాట నిజమే. ఈ వేసవికి ఫారాల్లో కోళ్లు గుడ్లు పెట్టడం తగ్గించేశాయి. సరుకు తగ్గేసరికి రోజుకో రేటు. కొనేవాళ్లు దుకాణదారుణ్ణి తిట్టుకుంటారు, దుకాణదారు ఫారం వాణ్ణి తిట్టుకుంటాడు. కోడిని అడిగేవాళ్లే లేరు. వామన్‌రావు లెక్కలో చిన్న గుడ్డుకు ఒకటే అర్థం, పెద్దవి ఇంకెవరో ఏరుకుపోయారని.

"అందుకే నిన్న సాయంత్రం ఫోన్ చేసిన. ఇంక నీ బండి నా దుకాణం ముందల ఆగొద్దన్న."

విద్యావతి చాయ్ గ్లాసు గల్లాపెట్టె మీద పెట్టేసింది. తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి తనే సాకింది. ఎన్ని గుడ్లయినా నేను తీసుకుంటానని బావ అంటేనే వాడు షాద్‌నగర్ దగ్గర ఫారం పెట్టాడు. ఇరవై రెండేళ్లుగా వేరే గడప తొక్కలేదు. ఈ గుమ్మం మూసుకుంటే వాడి ఫారం మూతపడ్డట్టే, తనకు పుట్టిల్లు లేనట్టే.

"నన్నొక మాట అడగొద్దా?"

"అడిగితే ఏమంటవు? నా తమ్ముడు గట్లాంటోడు కాదంటవు."

ఆమె దుకాణం పైనే ఉన్న ఇంట్లోకి వెళ్లింది. లోడు పంపినప్పుడల్లా దుర్గేష్ అక్క కోసం ఒక ట్రే విడిగా పంపుతాడు. ఆ పని పనివాళ్లకు వదలడు. ఉన్నవాటిలో పెద్దవి తనే ఏరి, పేపర్ చుట్టి, దారంతో కడతాడు. 'పుట్టింటి ట్రే' అని వామన్‌రావే వేళాకోళం చేస్తుంటాడు. నిన్నటి లోడుతో అదీ వచ్చింది కానీ, సోమవారం ఇంట్లో గుడ్డు ముట్టరు కాబట్టి ఆమె కట్టు విప్పనే లేదు.

దాన్నలాగే తెచ్చి ఆయన ముందు పెట్టి దారం తెంపింది. అన్నీ చిన్నవే. రెండు పగిలి కారాయి. వామన్‌రావు ట్రేను అరచేతి మీదకు తీసుకున్నాడు. దుకాణంలోని ట్రే ఎంత బరువో ఇదీ అంతే.

"పెద్దవి ఉంటే నాకు రాకుండ ఉంటయా?" అంది విద్యావతి. "వాని దగ్గర లేనే లేవు."

ఆయన మెల్లగా ట్రే దించి, స్పీకర్ పెట్టి దుర్గేష్‌కు ఫోన్ చేశాడు. ఎత్తింది దుర్గేష్ భార్య నర్మద.

"దవాఖానల ఉన్నం అన్నా. నిన్న పగటీలి కరెంటు పోయి ఫ్యాన్లు ఆగినయి. షెడ్డు మీద నీళ్లు కొట్టుకుంట కొట్టుకుంట ఈయన వడదెబ్బతోని పడిపోయిండు. మీరు ఫోన్ చేసినప్పుడు సలైన్ ఎక్కుతున్నది."

"నాకెందుకు చెప్పలేదమ్మా? సరే బావా అని పెట్టేసిండు."

"నేను చెప్పబోతే ఆపిండన్నా. అక్క ఫికర్ చేస్తదని."

ఫోన్ చేతులు మారింది. దుర్గేష్ గొంతు నీరసంగా వినిపించింది. "బావా, లోడు సంగతి మీ ఇష్టం. అక్కకు జర చెప్పున్రి, ఈసారి ఎంత ఎతికినా పెద్దవి దొరకలె. ఏమనుకోవద్దని."

వామన్‌రావు కళ్లు నిండిపోయాయి. పెళ్లయిన నాటి నుంచీ భర్త ఏడవడం విద్యావతి చూడలేదు.

"తప్పు నాదిరా," అన్నాడాయన. "చిన్నయో, పగిలినయో, ఏమున్నా పంపు. నేనే తీసుకుంట."

"పంపనీకి కోళ్లు లేవు బావా. నిన్నటి వేడికి అన్నీ సచ్చినయి, పొద్దుగాల్నే గుంత తీసి పూడ్చిన్రు."

విద్యావతి ఫోన్ లాక్కుంది. "కోళ్లు పోతే పోనీరా. నువ్వున్నవు కదా. నాకు గదే పుట్టిల్లు."

అటు దుర్గేష్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వామన్‌రావు షట్టర్ దించి, దవాఖానకు బయల్దేరేందుకు ఆటో కోసం ఎండలోకి నడిచాడు.