ఎనిమిదో వంతు

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మూడు గంటలు. క్రీస్తు కన్నుమూసిన ఘడియ... ఈస్టర్ తెల్లవారుజామున గంటలు మోగేదాకా లోకానికి దేవుడు లేడు. ఫిలిప్పీన్స్‌లోని సికిహోర్ ద్వీపంలో క్షుద్రోపాసకులకు బలం వచ్చేది అప్పుడే. ఎండ కాస్తుండగానే ఉరిమింది. కొండమీది గుడిసెలో, పట్టపగలే గుడ్లగూబ కూసింది.

మాంత్రికుడు మాంగ్ తిబుర్సియో ఒక కపాలానికి కొబ్బరినూనె పూస్తున్నాడు. ఎదుట ఇసాగని మోకరిల్లి ఉన్నాడు. అతని భార్య లువాల్హతి సెబూ నగరం ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ కోసం ఎదురుచూస్తోంది. రేపు సెబూలో జరిగే పోకర్ పోటీలో చివరికి మిగిలే ఎనిమిది మందికీ సమానంగా బహుమతి. అది దక్కితేనే ఆపరేషన్.

లువాల్హతి ఆ పోటీ జరిగే హాల్లోనే ఏళ్ల తరబడి పేకముక్కలు పంచింది, చిప్పులనే పందెం బిళ్లలు లెక్కపెట్టింది. బల్ల దగ్గర నుంచి లేచేటప్పుడల్లా అరచేతులు మెల్లగా తట్టి, తిప్పి చూపేది... ఏమీ దాచుకోలేదని. మొన్న మంచం మీద నుంచే భర్తను 'గనీ' అని ముద్దుగా పిలుస్తూ లెక్క చెప్పింది.

"మొత్తం చిప్పుల్లో ఎనిమిదో వంతు వస్తే చాలు గనీ. ఆ తర్వాత రాజులొచ్చినా ఆడకుండా ముక్కలు పడెయ్. కుప్ప పెద్దదైతే బహుమతి పెంచరు కదా."

ఎన్ని చిప్పులు కావాలని మాంత్రికుడు అడిగాడు. ఇసాగనికి జవాబు తెలుసు. కానీ భయం ముందు నోరు తెరిచింది. ఆ ఎనిమిదో వంతుకు రెట్టింపు అడిగాడు.

"గుప్పెడు చిప్పులకి ఒక మనిషి ఊపిరి కొంత పోద్ది," అన్నాడు తిబుర్సియో.

"ఎవరిది?"

"నీది కాదులే అబ్బాయ్. అడిగిన లెక్క నిండకముందే ఆపావా, మిగతా ఊపిరి ఈ కపాలం నా గొంతులోంచి లాగేస్తది. ఇంతవరకూ ఆపినోడు లేడనుకో."

శనివారం రాత్రి చిప్పులు వరదలా వచ్చిపడ్డాయి. ఎనిమిదో వంతు దాటింది. పోటీలో ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఆగుదామనుకున్నాడు... ఆగలేకపోయాడు. చూసేవాళ్ల వరసలో తిబుర్సియో ఒళ్లో కపాలం ఉన్న సంచి పెట్టుకుని నిమురుతున్నాడు. ఇసాగని గెలిచినప్పుడల్లా అందులోంచి ఎవరో ఊపిరి పీల్చుతున్న చప్పుడు.

తొమ్మిది మంది మిగిలేసరికి ఆ ఊపిరి చివర సన్నని ఈల వినిపించింది. ఇన్నేళ్లుగా తన పక్కన నిద్రపోయిన ఈల అది.

అతని చేతిలో రెండు రాజులు. గెలిస్తే లెక్క నిండుతుంది. చిప్పులు ముందుకు తోయబోయాడు. అప్పుడు ముక్కలు పంచుతున్న అమ్మాయి కళ్లు తేలిపోయాయి. ఆమె నోట లువాల్హతి గొంతు పలికింది.

"చాలు గనీ. పడెయ్."

పడేశాడు.

సంచిలో కపాలం దవడ తెరుచుకుంది. తిబుర్సియో రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. అతని ఛాతీ లోపలికి కుంగింది... చర్మం ఎండు కొబ్బరిపీచులా ముడుచుకుపోయింది. దూరాన ఈస్టర్ గంటలు మోగేసరికి కుర్చీలో నూనె వాసన తప్ప ఏమీ మిగల్లేదు. ఇసాగని రాజులు పడేసిన ఆ ఆటలోనే ఇంకొకడు ఓడి లేచాడు. మిగిలింది ఎనిమిది మంది.

ఇసాగని ఆసుపత్రికి పరిగెత్తాడు. నర్సు గుమ్మంలోనే అతని భుజం పట్టుకుంది.

"గంటలు మోగినప్పుడు కళ్లు తెరిచింది అన్నా. రెండు చేతులూ తట్టి, తిప్పి నాకు చూపించింది. ఎందుకో తెలీలేదు. ఆ తర్వాత, మిగిలిన కాస్త ఊపిరీ అయిపోయి, ఆయాసం లేకుండా కన్నుమూసింది."

అతను ఆ అరచేతులను తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఇంకా వెచ్చగానే ఉన్నాయి.