పాడు కాలేజీ

దిబ్బరొట్టె అంచు విరిచి నోట్లో పెట్టుకుంటూనే వీరవేణి మొదలుపెట్టింది. పొద్దున్నే కాలేజీని తిట్టనిదే ఆ పిల్లకి ముద్ద దిగదు.

"నిన్న కూడా లైబ్రరీ తెరవలేదే అమ్మా. అటెండరు గారు వాళ్ళ దొడ్లో కొబ్బరి దింపు ఉందని తాళం బొడ్లో దోపుకుని వెళ్ళిపోయేరు. ఫిజిక్సు చెప్పడానికి మనిషే లేడు. వానొస్తే ల్యాబు కారుతుంది, బల్లలన్నీ ఓ మూలకి లాక్కుని గొడుగేసుకుని రికార్డులు రాసుకోవాలి. మైక్రోస్కోపు చూస్తే అంతమందికీ ఒక్కటే. ఇంక బోటనీ మేస్టారు పట్టుకున్నారంటే బస్సు తప్పేదాకా వదలరు. పాడు కాలేజీ."

తల్లి భవానీదేవి నవ్వుతూ ఇంకో ముక్క పళ్ళెంలో వేసింది. "కాలేజీ సంగతి సరే, రొట్టె బాగుందా?"

"చాలా బా..." అనబోయింది వేణి. పక్కనే కూర్చున్న నాన్నమ్మ సుబ్బాయమ్మ గారు మోచేత్తో పొడిచింది. "నోటితో అనకూడదే. ఏదో తిన్నాంలే అనాలి."

ఆ ఇంట్లో అదే చట్టం. గేదె బిందెడు పాలిచ్చినా 'ఏదో కాఫీకి సరిపోయేయి' అనాలి. పసిపిల్ల బొద్దుగా ఉంటే 'పీలగా ఉందమ్మా' అనాలి. బాగుందని పైకి అన్నారో, దిష్టి తగిలి ఊడ్చుకుపోతుందని సుబ్బాయమ్మ గారి నమ్మకం. ఆవిడ కొడుకు బుల్లిరాజు గారు ఆ చట్టం కిందే పెరిగి, జుట్టు నెరిసినా తన కొబ్బరి దొడ్డిని ఒక్కనాడూ మెచ్చుకుని ఎరగడు. అలాంటి మనిషి ఆ పూట వీధి అరుగు మీద కూర్చుని, కూతురి మాటలన్నీ పొల్లుపోకుండా విని, లేచి చొక్కా తొడుక్కున్నాడు.

ముమ్మిడివరం వెళ్ళే రోడ్డు పక్కన, కాలువని ఆనుకుని ఉంటుంది ఆ కాలేజీ. చుట్టుపక్కల రైతులు తలా ఒక దింపు కొబ్బరికాయలు ఇచ్చి కట్టుకున్నది కాబట్టి అందరూ చందాల కాలేజీ అంటారు. రెండువేల ఒకటిలో వేణి అక్కడ బీయస్సీ రెండో సంవత్సరం. కొబ్బరికాయలకి నల్లి పట్టి, కాయలు గోధుమరంగు మచ్చలతో గిడసబారిపోతున్న రోజులవి. ఏ దొడ్డి చూసినా అదే ఏడుపు.

బోటనీ చెప్పే ఏసుపాదం మేస్టారు ఆ రోజే ఆ నల్లిని పిల్లలకి చూపించాలనుకున్నారు. అందరూ తమ దొడ్డి నుంచి ఒక్కో మచ్చకాయ తెచ్చుకున్నారు. కాయ తొడిమ దగ్గరి ముచ్చిక ఊడదీసి, దాని కింద పొరని గాజుపలక మీద పెట్టి, ఒక్కొక్కరే వచ్చి మైక్రోస్కోపులోకి చూడాలి. వేణి వంతు ఆఖరున వచ్చింది. మొదట మసక తప్ప ఏమీ లేదు. మేస్టారు పక్కన నిలబడి మర నెమ్మదిగా తిప్పమన్నారు. తెల్లగా, సన్నగా, కాళ్ళు ఆడిస్తూ ఒకటి కదిలింది. ఏడాదిగా వాళ్ళ నాన్నకి నిద్ర లేకుండా చేస్తున్నది అదేనని తెలిసి వేణి ఇంకాస్త వంగి చూసింది.

"పుస్తకంలో ఉన్నది రాయకమ్మా. నీ కళ్ళతో చూసింది రాయి" అన్నారు మేస్టారు.

తక్కినవాళ్ళంతా వెళ్ళిపోయాక, గాజుపలకలు కడుక్కొద్దామని వేణి బోరింగు దగ్గరికి వెళ్ళింది. తిరిగొస్తుంటే ల్యాబులోంచి తెలిసిన గొంతు వినబడి గుమ్మం బయటే ఆగిపోయింది. లోపల వాళ్ళ నాన్న.

"లైబ్రరీ తాళం దొరకదంటండి."

"ఆయ్" అన్నారు మేస్టారు.

"వానొస్తే గొడుగేసుకుని కూర్చోవాలంట."

"ఆయ్. నిజమేనండి."

"మీరేమో బస్సు తప్పేదాకా ఆడపిల్లని వదలరంట. రోజూ ఇంట్లో ఇదే గోలండి. మా బావమరిది నాగసతీష్ రాజమండ్రిలో పెద్ద ప్రైవేటు కాలేజీలో సీటు చూసేడు, హాస్టలుతో సహా. దయచేసి టీసీ ఇప్పించండి."

మేస్టారు మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పి, అంచులు సర్దారు. "మీ అమ్మాయి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదండి. ప్రిన్సిపాలు గారు రేపు వస్తారు. పట్టుకెళ్దురు గాని."

పొద్దున రొట్టె నములుతూ తను అన్న మాటలు, ఆ మనిషి ముఖం మీద అలా పడుతుంటే వేణికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తండ్రి మీద కోపం అంతకు రెండింతలు వచ్చింది. బస్సులో పక్కనే కూర్చున్నా ఆయనతో మాట కలపలేదు.

ఇంటికి చేరాక, కాళ్ళు కూడా కడుక్కోకుండా వీధి అరుగు మీదే నిలబడింది.

"నేను రాజమండ్రి వెళ్ళనండి నాన్నగారూ."

"నువ్వేగా పాడు కాలేజీ అన్నావు?"

"అన్నాను. రేపూ అంటాను. తిట్టుకోడానికి అది నా కాలేజీ. మేస్టారి ముందు నిలబడి తిట్టడానికి మీరెవరండీ?"

భవానీదేవి చెయ్యి పట్టుకుని లోపలికి లాగబోయింది. "నాన్నగారితో అవేం మాటలే?"

వేణి చెయ్యి విదిలించుకుంది. "ఉండమ్మా. ఏవండీ నాన్నగారూ, మొన్న కొబ్బరి కొట్టు పాపారావు గారు వస్తే ఏమన్నారు మీరు? ఈ దొడ్డి కంటే బీడు నయమన్నారు. పాడు కాపన్నారు. ఆ మాట నమ్మి ఆయన రేపు గొడ్డళ్ళూ మనుషుల్నీ తీసుకొచ్చి, మీ మంచికేనండీ అని చెట్లు కొట్టించేస్తే ఊరుకుంటారా?"

బుల్లిరాజు గారు తల తిప్పి దొడ్డి వైపు చూశాడు.

"నేనూ ఈ ఇంట్లోనే పుట్టేనండి. బాగుందని చెప్పడం నాకెప్పుడు నేర్పేరు? తిట్టడమే నేర్పేరు. అదే చేసేను. టీసీ మీరు తెచ్చినా నేను రేపు ఆ బస్సే ఎక్కుతాను. గుమ్మం బయట నిలబడైనా పాఠం వింటాను."

అంతదాకా గడప మీద కూర్చుని వింటున్న సుబ్బాయమ్మ గారు మనవరాలి వైపు తేరిపార చూసింది. "అనవే అమ్మా. ఈ ఒక్క పూటకీ అను. దిష్టి నేను తీస్తాలే."

ఆ మాటతో వేణి కోపమంతా నీరైపోయింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే చెప్పింది. "చాలా బాగుంటుంది నాన్నమ్మా. మైక్రోస్కోపు ఒక్కటే కాబట్టి ఒకళ్ళు చూసింది ఇంకొకళ్ళకి చెప్పుకుంటాం. వానొస్తే గొడుగు కింద మా క్లాసు కృపావతీ నేనూ నవ్వుకుంటూ కూర్చుంటాం. బస్సు తప్పితే మేస్టారు తన సైకిలు నడిపించుకుంటూ, రెండో బస్సు ఎక్కేదాకా మాతో స్టాండులో నిలబడతారు. ఇవాళ మన దొడ్డి కాయే చూపించేరు. ఆ నల్లిని నేను చూసేను నాన్నగారూ. మందు సంగతి ఇంకా తెలీదు. అది తెలిసేదాకా నేను ఆ ల్యాబు వదలను."

బుల్లిరాజు గారు తువ్వాలుతో ముఖం తుడుచుకోబోయి, అలాగే ముఖానికి అడ్డంగా పట్టుకుని ఉండిపోయాడు. భుజాలు కదలడం చూసి భవానీదేవి మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. సుబ్బాయమ్మ గారు ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టుకుని మనవరాలికి దిష్టి తీసింది.

మర్నాడు కూతురితోపాటు ఆయనా బస్సెక్కాడు. చేతిలో లేత బొండాల గెల ఉంది. ల్యాబులో గెల దించి, తలెత్తకుండానే అన్నాడు.

"టీసీ వద్దండి మేస్టారూ. మా ఇంట్లో మంచివాటిని తిట్టడం అలవాటండి. నాకూ అదే అలవాటు. అయినా అమ్మాయి మాట అర్థం చేసుకోలేకపోయేను."

"నన్ను క్షమించండి సార్" అంది వేణి.

ఏసుపాదం మేస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా ఆవిడ నా గురించి రోజూ చెప్పేది వింటే, మీరు నాకు కూడా టీసీ ఇప్పించేద్దురండి" అన్నారు. తర్వాత మైక్రోస్కోపు మీద గుడ్డ తీసి, ఇలా వచ్చి చూడండంటూ బుల్లిరాజు గారినే పిలిచారు. ఆయన వంగి చాలాసేపు చూశాడు.

ఆ ఆదివారం కొబ్బరి కొట్టు పాపారావు బేరానికి వచ్చాడు. "మీ అమ్మాయి కాలేజీ ఎలా ఉందండి?" అని మాటవరసకి అడిగాడు.

లోపల రికార్డు రాసుకుంటున్న వేణి కలం ఆపింది.

"ఏం కాలేజీ లెండి" అన్నాడు బుల్లిరాజు గారు విసుగ్గా. "కప్పు కారుతుంది. తాళాలు దొరకవు. ఆ మేస్టారైతే బస్సు తప్పేదాకా పిల్లల్ని వదలడు. పాడు కాలేజీ."

వేణి ముఖం రికార్డులో దాచుకుని ఏడుస్తూ నవ్వింది.